లక్ష్మి పేరు మీద వెలిగిన చుక్క

రామన్నపేట

రామన్నపేటలో నాది నెత్తురు పరీక్షల దుకాణం. ఇరవై రెండేళ్ళుగా జనం వేళ్ళు పొడిచి బతుకుతున్నాను. సూది గుచ్చేటప్పుడు ఎదుటి మనిషి ధ్యాస వేరేచోట ఉండాలి. అందుకని ఏదో ఒక కథ చెబుతుంటాను. ఒకాయన నెత్తుట్లో చక్కెర ఎంత ఉందంటే, ట్యూబు చుట్టూ చీమలు బారులు తీరాయని, తోపులాట కాకుండా వాటికి టోకెన్లు ఇచ్చానని చెబుతాను. ఎదుటాయన నవ్వేలోపు నా పని అయిపోతుంది. ఇలా చెప్పీ చెప్పీ, నా మాటల్లో రూపాయికి పావలా నిజం ఉంటుందని పేరు పడింది. పడ్డ పేరును ఎందుకు చెడగొట్టుకోవాలని నేనూ ఊరుకున్నాను.

శివరాత్రి దాటిన నాలుగో రోజు పొద్దున మా అక్క బిడ్డ శిరీష హైదరాబాదు నుంచి దిగింది. అక్కడొక ప్రయోగశాలలో పరిశోధన చేస్తుంది. ఒక చేతిలో ఐసు డబ్బా, ఇంకో చేతిలో టిఫిన్ క్యారియర్ అంత తెల్ల పెట్టె.

"మామా, నాలుగొద్దులు దుకాణం బంద్ పెట్టు. కారు తియ్యి. నాతోని రావాలె."

"యాడికే?"

"గొర్లు కాసేటోళ్ళ దగ్గరికి. మర్రిగూడ, పాలమూరు, నారాయణపేట."

"గొర్లకు నెత్తురు తియ్యుడు నాకు రాదు."

"గొర్లకు గాదు, మనుషులకు. నువ్వు సూదిస్తే ఎవ్వరూ ఏడ్వరంట గద, అమ్మ చెప్పింది."

పొగిడితే పడిపోయే జబ్బు మా వంశంలో ఉంది. షట్టర్ దించాను.

దారిలో సంగతి చెప్పింది. గొర్రెలకు నెలలు నిండకుండానే పిల్లలు పడిపోయే జబ్బు ఒకటి ఉంది, బ్రూసెల్లా అంటారు. అది మనిషికీ అంటుతుంది. పచ్చిపాలు తాగితే అంటుతుంది, ఈనే గొర్రెకు వట్టిచేతులతో పురుడు పోస్తే అంటుతుంది. సాయంత్రమైతే జ్వరం, కీళ్ళ నొప్పులు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకైతే కడుపు నిలవకపోవచ్చు. మామూలు జ్వరమే అనుకుని ఏళ్ళకేళ్ళు మోస్తారు. దాన్ని ఒక్క చుక్క నెత్తుట్లో పట్టుకోవడానికి శిరీషవాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఐసు డబ్బాలోని ట్యూబుల్లో ఉన్నది చూడ్డానికి వట్టి నీళ్ళే. ఆ నీళ్ళలో డీఎన్‌ఏతో మడిచిన డబ్బాలు లెక్కలేనన్ని ఉన్నాయట. ప్రతి డబ్బాకూ ఒక మూత. నెత్తుట్లో ఆ జబ్బు పురుగు ఆనవాలు తగిలితే మూత తెరుచుకుంటుంది, లోపల దాచిన రంగు వెలుగుతుంది. ట్యూబును తెల్ల పెట్టెలో నీలం దీపం కింద పెడితే గంటలో ఆకుపచ్చగా కనబడుతుంది.

నేను కారు స్లో చేశాను. "శిరీషా, ఇన్నేండ్లల్ల నేను గింత పెద్ద కోత కొయ్యలేదు."

"కోత గాదు మామా, నిజం. ఏసీ రూములో పనిచేస్తాంది. ఎండల, దుమ్ముల, మనుషుల నడుమ పనిచేస్తదో లేదో చూడాలె. నాలుగేండ్ల పని ఇది." తర్వాత గొంతు మార్చి రెండు నియమాలు చెప్పింది. మనిషికి అంతా వివరించి కాగితం మీద సంతకం తీసుకోవాలి. ట్యూబు మీద ఎవరి పేరుందో, చుక్క ఆ మనిషి వేలి నుంచే పడాలి, పడుతుంటే నా కళ్ళతో నేను చూడాలి.

"ఇరవై రెండేండ్ల సర్వీసు నాది," అన్నాను.

ఊరు దాటగానే పత్తి ఏరేసిన చేనులో ఒక మంద కనబడింది. నారాయణపేట అవతలి నుంచి వచ్చిన కాపర్లు. వానాకాలం పంట అయిపోగానే మందలు తోలుకుని ఇటు వస్తారు. రాత్రి మందను చేనులో పడుకోబెడితే ఆ ఎరువుకు రైతు ఇంత అని ఇస్తాడు. మా రామన్నపేట ఇప్పుడు వేరే జిల్లాలో ఉన్నా మా నోటికి ఇంకా నల్లగొండే వస్తుంది. వాళ్ళదీ అంతే, నారాయణపేట జిల్లా అయినా అడిగితే పాలమూరోళ్ళం అంటారు.

అందులో మల్లేశు అనే అతను ఇరవై ఐదేళ్ళవాడు. భుజాన గొంగడి. అతని చుక్క వేశాం, గంట చూశాం, వెలగలేదు. జబ్బు లేదన్న మాట. ఆ మాటకు సంతోషించకుండా శిరీష వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, మా ఊరికి గూడ పోతరా?"

"పోతం."

"ఇంటికాడ నా భార్య ఉంది, లక్ష్మి. గిప్పుడు ఐదో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలువలే. గా రెండుసార్లు మందల గొర్లు గూడ నెలలు నిండకముందే ఈసుకపోయినయి. ఆమె నెత్తురు సూసి జర చెప్పుండ్రి. ఉంటే ఉందని చెప్పుండ్రి. దాపెట్టకుండ్రి."

శిరీష చెబుతానంది. ఈ పెట్టె మాట ఆఖరు మాట కాదని, ఇంకా పరీక్షలోనే ఉందని, పెద్ద దవాఖానలో మళ్ళీ చూపించుకోవాలని కూడా చెప్పింది. మల్లేశు తలూపి, డజను బత్తాయిలు సంచిలో వేసి ఇచ్చాడు, లక్ష్మికి ఇమ్మని. నల్లగొండ బత్తాయి పాలమూరులో దొరకదా అంటే దొరుకుతుంది. అది అడిగే సందర్భం కాదు. నల్లగొండ గడియారం చౌరస్తా దాటేసరికి సంచిలో తొమ్మిది ఉన్నాయి. రోడ్డు గుంతలకు మూడు రాలిపోయాయని శిరీషకు చెప్పాను. నా గడ్డం మీద రసం ఉంది.

మర్రిగూడ

మర్రిగూడలో టీ పది రూపాయలు, మిరపకాయ బజ్జీ కూడా పదే. బజ్జీలో మిరపకాయ మా ఊరి దానికన్నా పెద్దది, కారం మాత్రం మా ఊరిదే గెలిచింది. హోటలు ముందు బల్ల మీద కర్ర ఆనించుకున్న ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు పూర్తిగా చాపలేడు. మా సరంజామా చూసి నవ్వాడు.

"ఇన్నొద్దులు మా నీళ్ళు సీసాలల్ల తీస్కపోయిండ్రు. ఇగ నెత్తురు షురూ జేసిండ్రా?"

నల్లా నీళ్ళు రాని కాలంలో ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళు తాగి వంగిపోయిన ఎముకలు అవి. వాటిని ఏ డబ్బా మూతా సరిచేయలేదు. శిరీష ఆ మాటే చెప్పింది. పెద్దాయనకు ఆ ఒప్పుకోలు నచ్చినట్టుంది.

"మంచిగ చెప్పినవు బిడ్డా. గని ఒకటి ఇను. ఈడ ఎవనికి కీళ్ళు నొచ్చినా నీళ్ళే అంటరు. దవాఖానకు పోతే, మర్రిగూడనా, అయితే నీళ్ళే అని గోలీలిచ్చి తోలుతరు. గొర్లోళ్ళ నొప్పి గూడ గా నీళ్ళ నొప్పిలనే కలిసిపోతది."

"అందుకే వచ్చిన తాతా."

"అయితే తీయి," అని చేయి చాపాడు.

నేను చీమల టోకెన్ల కథ ఎత్తుకున్నాను. ఆయన మధ్యలో ఆపి, "చీమల సంగతి సరే, చక్కెరాయన బతికిండా?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తడబడి, బతికాడని చెప్పాను.

ఆ రోజు పొద్దుగూకే దాకా చుక్కలు తీశాం. ఒక్కటీ వెలగలేదు. జబ్బు లేకపోవడం మంచిదే కదా అన్నాను. శిరీష తనతో తెచ్చుకున్న నమూనా చుక్క వేసి చూసింది, అది వెలిగింది. మనిషి నెత్తుటికి మాత్రం ఇంతవరకూ వెలగలేదు. "లేక వెలుగుతలేదా, ఉన్నా వెలుగుతలేదా మామా?" అంది.

పాలమూరు

మర్నాడు దేవరకొండ మీదుగా జడ్చర్ల చేరేసరికి ఐసు నీళ్ళయింది. ఆ ట్యూబులు వేడెక్కితే మడిచిన డబ్బాలు విప్పుకుంటాయట. మహబూబ్‌నగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగినా ఐసు దొరకలేదు. చివరికి చేపలు అమ్మే ఆమె దయతలచి తన చేపల కింది ఐసు పెళ్ళగించి ఇచ్చింది. దానితో పాటు వాసన కూడా వచ్చింది.

లాడ్జీలో గుమాస్తా ముక్కు ఎగబీల్చాడు. "ఏమున్నయి సార్ డబ్బల?"

"కొర్రమీను పిల్లలు. గవర్నమెంటు జాతి. ఒక్కొక్కటి పెరిగితే నీ కౌంటరంత అయితది."

"ఒకటి ఇయ్యుండ్రి సార్, పులుసు పెట్టించి మీకు గూడ పంపుత."

"కంటికి కనబడవు," అన్నాను. ఇది మాత్రం నిజం. అతను దీన్నే నమ్మలేదు.

రాత్రి భోజనం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల పొడి. మా దగ్గర జొన్నరొట్టె అంటే డాక్టరు రాసిస్తే తినేది. అక్కడ దాన్ని ఇష్టంగా, వేళ్ళ మధ్య మెత్తగా చించుకుని తింటారు. మూడు రొట్టెలు తిన్నాను. నాలుగోది శిరీష చూపుకు భయపడి మానేశాను.

నారాయణపేట

నారాయణపేటలో మాటలోకి కన్నడం దొర్లుకుంటూ వస్తుంది. చీర బేరం తెలుగులో మొదలై కన్నడంలో ముగిసింది. నేను ఎక్కడ ఓడిపోయానో నాకే తెలియలేదు. గళ్ళ చీర, ఎర్రంచు. ధర రాస్తే ఇది మా ఆవిడ చదువుతుంది, కాబట్టి రాయను.

చీర నేసిన ఆయన మగ్గం మీదే కూర్చుని మా పెట్టె ఏమిటని అడిగాడు. శిరీష చెప్పడం మొదలుపెట్టింది. "ఒక పొడుగు పోగు ఉంటదన్నా. దాన్ని పట్టుకోనికి పొట్టి పోగులు. ఒక్కో పొట్టి పోగు పొడుగు దాంట్ల రెండు చోట్ల అతుక్కుంటది. ఆ రెండు చోట్లూ దగ్గరికొస్తయి. అట్ల ఎన్నో చోట్ల పట్టుకుంటే పొడుగు పోగు మడుచుకొని డబ్బా అయితది."

నేతగాడికి ఇందులో ఆశ్చర్యమేమీ కనబడలేదు. "మగ్గమేది?"

"మగ్గం లేదు. వేడి నీళ్ళల్ల వేసి మెల్లగ సల్లారనిస్తే ఏ పోగుకు ఏది జతనో అవే ఎతుక్కుంటయి."

"తప్పు పోగు పడదా?"

"పడ్తది. తప్పు పడ్డయి ఏరి పారేస్తం."

"అయితే మా పనే గద," అని మళ్ళీ నాడె విసిరాడు. పక్కన కండెలు చుడుతున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది: "ఈయన మీద గూడ వేడినీళ్ళు పోసి సల్లారబెడత. ఏడాదికి ఇంకో రెండు చీరలన్న ఎక్కువైతయేమో."

రోడ్డెక్కాక శిరీష చాలాసేపు నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

మల్లేశు ఊరు

ఊరు అక్కడి నుంచి ముప్పావు గంట. ఈనడానికి సిద్ధంగా ఉన్న గొర్రెలను ఇంటి దగ్గర ఆడవాళ్ళకు వదిలి, మిగతా మందతో మగవాళ్ళు వలస పోతారు. మల్లేశు తల్లి బాలమ్మకు నా ఈడే ఉంటుంది. మేము వెళ్ళేసరికి దొడ్లో మోకాళ్ళ మీద కూర్చుని ఒక గొర్రెకు పురుడు పోస్తోంది. పిల్ల అడ్డం తిరిగింది. ఆమె కళ్ళు మూసుకుని, మోచేతి దాకా లోపల పెట్టి, ఏదో వెతుక్కుంటున్నట్టు తల పక్కకు వంచి, ఒక్క ఊపున పిల్లను బయటికి తీసింది. దాని ముక్కు తుడిచి ఊదింది. పిల్ల తుమ్మింది. మోకాలు పట్టుకుని లేచి మమ్మల్ని చూసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"రాండ్రి అన్నా. పాలు తాగుతరా? ఇప్పుడే పిండిన."

శిరీష కాగబెట్టి ఇమ్మంది. "కాగబెడితే పాలల్ల పానం పోతది బిడ్డా," అంది బాలమ్మ. అయినా కాగబెట్టింది.

లక్ష్మి గడప లోపల కూర్చుని ఉంది. తొమ్మిది బత్తాయిల సంచి ఇచ్చాను. నిజానికి అప్పటికి ఏడు. శిరీష ఆమెకు అంతా వివరించి కాగితం ఇచ్చింది. లక్ష్మి పదో తరగతి చదివింది, కూడబలుక్కోకుండా చదివి సంతకం పెట్టింది. బాలమ్మ మాత్రం "నాకేం రోగం?" అని తన చుక్క ఇవ్వనంది. శిరీష దొడ్లో గొర్రెలను చూడ్డానికి పోతూ, "లక్ష్మిది నువ్వు తియ్యి మామా," అంది.

ఇక్కడ జరిగింది రాయడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

అరుగు చుట్టూ ఊరి జనం ఓ పదిమంది చేరారు. జనం చేరితే నా నోరు ఊరుకోదు. మా తాత పొట్టేలు నల్లగొండ కోర్టులో సాక్ష్యం చెప్పిన కథ మొదలుపెట్టాను. పొట్టేలు బోను ఎక్కింది. జడ్జి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు బాలమ్మ వచ్చి నా చేతిలోని సూది, ట్యూబు అందుకుంది.

"గింతమంది మొగోళ్ళ ముంగట పిల్ల బయటికి రాదన్నా. నేను తీస్కొస్త. గొర్లకు సూదులేసిన చేతులు నావి."

లోపలి నుంచి లక్ష్మి, "అత్తా..." అని ఏదో అనబోయింది. బాలమ్మ తలుపు దగ్గరికి వేసింది. నేను విన్నాను. చూశాను. కానీ జడ్జి పొట్టేలును ప్రమాణం చెయ్యమని అడుగుతున్నాడు, అరుగు మీద ఒక్కరూ ఊపిరి తీయడం లేదు. అంత మంచి చోట కథ ఆపడం నాకు చేతకాలేదు. బాలమ్మ చుక్క పడిన ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టేసరికి పొట్టేలు కేసు గెలిచింది. ట్యూబు మీద "లక్ష్మి" అని రాశాను.

మళ్ళీ నారాయణపేట, లాడ్జీ

సాయంత్రం లాడ్జీ గదిలో శిరీష కిటికీ మూసి, ఆ రోజు ఆ ఊళ్ళో అందరి దగ్గరా తీసిన ట్యూబులన్నీ పెట్టెలో పెట్టింది. గంట గడిచింది. అన్నీ నల్లగా ఉన్నాయి. ఒక్కటి తప్ప.

లేత వరి నారు రంగు. చూస్తుండగానే ముదిరింది. శిరీష నా భుజం పట్టుకుంది. నాలుగేళ్ళ పని, మనిషి నెత్తుటితో మొదటిసారి వెలిగింది. ఆమె మొహంలో ఆ వెలుగు ఒక్క నిమిషం ఉందో లేదో, ట్యూబు తిప్పి పేరు చదివింది. మంచం అంచున కూర్చుండిపోయింది.

"ఐదో నెల మామా."

మళ్ళీ రెండుసార్లు, మూడుసార్లు చూసింది. నమూనాతో సరిపోల్చింది. తప్పేమీ కనబడలేదు. అప్పుడు అడిగింది: "చుక్క పడుతుంటే నువ్వు కండ్లతోని చూసినవు గద?"

"చూసిన," అన్నాను. నా నోరు అబద్ధానికి ఎంత అలవాటు పడిందంటే, నన్ను అడగకుండానే చెప్పేసింది.

ఆమె కాగితం తీసి పాలమూరు దవాఖాన డాక్టరుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. పేరు: లక్ష్మి. ఐదో నెల గర్భం. ఇదివరకు రెండుసార్లు గర్భస్రావం. నేను చూస్తున్నాను. చీమలకు టోకెన్లు ఇచ్చినవాణ్ణే, పొట్టేలుతో ప్రమాణం చేయించినవాణ్ణే. కానీ ఇన్నేళ్ళలో నా దుకాణం నుంచి తప్పు పేరుతో ఒక్క రిపోర్టు బయటికి పోలేదు. ఆ పిల్ల ఈ కాగితం పట్టుకుని ఏడుస్తుంది. లేని జబ్బుకు మందులు మింగుతుంది. లేదా, జబ్బు ఉన్న మనిషి ఎవరో హాయిగా ఇంట్లో కూర్చుంటుంది.

"రాయకు," అన్నాను. "నేను చూడలే."

శిరీష కలం ఆగింది. అంతా చెప్పాను, పొట్టేలుతో సహా. ఆమె అరవలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి చింపింది.

"మల్లేశు దాపెట్టొద్దు అన్నడు మామా. దాపెట్టింది నువ్వు."

ఆ రాత్రి నాతో మళ్ళీ మాట్లాడలేదు. నేను తినకుండా పడుకున్నాను. ఇది నా జీవితంలో రెండోసారి. మొదటిసారి మా పెళ్ళిరోజు, అన్నం సరిపోక.

తిరిగి బాలమ్మ ఇంటికి

పొద్దున ఏడింటికే అరుగు ముందు ఉన్నాం. మమ్మల్ని చూడగానే బాలమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. శిరీష ఆమెను లోపలికి తీసుకెళ్ళింది. లక్ష్మి, నేను, వాళ్ళిద్దరు. బయటివాళ్ళు ఎవరూ లేరు.

"అవ్వా, నిన్న ఆ చుక్క ఎవలది?"

లక్ష్మే అందుకుంది: "చెప్పు అత్తా. నిన్ననే చెప్తనంటే నా నోరు మూసినవు."

"నాదే," అంది బాలమ్మ. "కడుపుతోని ఉన్నదాని నెత్తురు బయటికి తియ్యనిస్తనా? గా నెత్తురు ఇప్పుడు ఆమెది గాదు, కడుపుల ఉన్న బిడ్డది. రెండుసార్లు చేతులకొచ్చింది జారిపోయె. ఇంకో చుక్క గూడ పోవద్దనుకున్న. ఒక్క కుండల కూడు తిన్న నెత్తుర్లు, నాదైతేంది, ఆమెదైతేంది?" తర్వాత మా మొహాలు చూసి గొంతు తగ్గించింది. "ఏం తేలింది?"

శిరీష ఆమె పక్కన కూర్చుంది. "వెలిగింది అవ్వా."

బాలమ్మ ఊపిరి వదిలి, నవ్వింది. "నాదే గద వెలిగింది! పిల్లది గాదు గద!"

శిరీష నోటు పుస్తకం తీసింది.

"అవ్వా, నీకు సాయంత్రం జరమొస్తదా?"

"నాలుగు చలికాలాల సంది వస్తాంది. పని జేసే ఒళ్ళు గద, వస్తది పోతది."

"మోకాళ్ళు?"

"నొప్పులు లేనిదెవ్వలకు బిడ్డా?"

లక్ష్మి అప్పుడు తనంతట తానే నా ముందుకు వచ్చి వేలు చాపింది. బాలమ్మ లేవబోయింది. లక్ష్మి చూసిన చూపుకు మళ్ళీ కూర్చుంది. ఈసారి నేను ఏ కథా చెప్పలేదు. సూది గుచ్చగానే లక్ష్మి "స్స్" అంది. నా సర్వీసులో నా దగ్గర నొప్పి తెలిసిన మొదటి మనిషి ఆమే కావచ్చు.

గంట. బాలమ్మ ఆ గంటసేపూ గోడకు ఆనుకుని పెట్టె వైపే చూసింది. దొడ్లో గొర్రె అరిచినా లేవలేదు.

వెలగలేదు. శిరీష ఇంకో అరగంట ఉంచింది. నల్లగానే ఉంది.

"లేదన్నట్టేనా?" అంది లక్ష్మి.

"ఈ పెట్టె లేదంటాంది. ఇద్దరూ దవాఖానల మళ్ళ చూపించుకోవాలె. నడువుండ్రి, మేము అటే పోతున్నం."

బాలమ్మ రానంది. నాలుగు గొర్రెలు ఇవాళో రేపో ఈనుతాయి, ఎవరు చూస్తారు? నేను చూస్తానంది లక్ష్మి. శిరీష, బాలమ్మ ఒక్కసారే "వద్దు!" అన్నారు. చివరికి శిరీష మల్లేశుకు ఫోను చేసి ఉన్నదంతా చెప్పింది. మందను అన్నకు అప్పజెప్పి బస్సెక్కుతున్నానన్నాడు. అతను చేరేదాకా దొడ్డిని పక్కింటివాళ్ళు చూస్తామన్నారు. శిరీష తన దగ్గరున్న రబ్బరు తొడుగుల డబ్బా అతని కోసం ఇంట్లో పెట్టమని బాలమ్మకు ఇచ్చింది. బాలమ్మ ఒకటి తొడుక్కుని, వేళ్ళు ఆడించి, పక్కనున్న గొర్రె కడుపు తడిమింది.

"నా చేతికి కండ్లు పోయినట్టుంది," అంది.

"అలవాటైతది అవ్వా."

"నువ్వు కండ్లకు గంతలు గట్టుకొని చదువు బిడ్డా, అలవాటైతది," అంది కానీ తొడుగు తీసేయలేదు.

దవాఖాన

పెద్ద పరీక్ష ఫలితం తర్వాత వచ్చింది, దాన్ని ముందే చెప్పేస్తాను. మా పెట్టె చెప్పిందే అదీ చెప్పింది. బాలమ్మకు ఉంది, లక్ష్మికి లేదు. బాలమ్మ వారాల తరబడి మింగాల్సిన మందులు మింగుతోంది, వాటిని రోజూ తిడుతోంది. లక్ష్మికి ఏడో నెల వచ్చింది. ఆ ఇంట్లో ఇప్పుడు పాలు పొంగేదాకా కాగుతాయని మల్లేశు ఫోనులో చెప్పాడు. శిరీష తన నోటు పుస్తకంలో నా తప్పును నా పేరుతోనే రాసుకుంది. ఇప్పుడు నాతో మాట్లాడుతోంది.

అయితే ఆ రోజు పాలమూరు దవాఖాన బెంచీ మీద ఈ సంగతులేవీ మాకు తెలియవు. బాలమ్మ, లక్ష్మి, శిరీష వరసగా కూర్చున్నారు. నేను ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. చీటీలు ఇచ్చే కిటికీ దగ్గర జనం. బాలమ్మ తన రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, వాటినే చూస్తూ అడిగింది.

"బిడ్డా. గొర్ల పురుడు జేసి గవే చేతులతోని ఈ పిల్లకు అన్నం పెట్టిన. బలమొస్తదని పచ్చిపాలు తాగిపిచ్చిన. గా రెండు పోయినయి గద... నా చేతులతోనేనా?"

నా దగ్గర కథ సిద్ధంగా ఉంది. మా మేనత్త ఒకామె ఉందని, ఆమెకు కూడా ఇలాగే జరిగిందని, కారణం నీళ్ళలో ఏదో అని తేలిందని. ముగింపు కూడా బాగా కుదిరింది. నాలుక మీదికి వచ్చింది. నాకు మేనత్తలు లేరు. మింగేశాను.

శిరీష మెల్లగా అంది: "లక్ష్మికి జబ్బు లేదని పెట్టె చెప్పింది అవ్వా. దాన్ని బట్టి చూస్తే కాకపోవచ్చు. అప్పుడు ఏమైందో మాత్రం చెప్పలేను. నాకు తెల్వదు."

బాలమ్మ తలూపింది. చేతులు మాత్రం ఒడిలోంచి తీయలేదు. లక్ష్మి అత్త వైపు తిరగకుండానే అంది.

"రెండోసారి నెత్తురు ఆగకుంటె, చిమ్మచీకట్ల నన్ను ఎత్తుకొని ఆటో దాకా ఉరికినవు. అవి గూడ గీ చేతులే అత్తా."

లోపలి నుంచి నర్సు "బాలమ్మా!" అని పిలిచింది. బాలమ్మ లేవలేదు. రెండోసారి పిలిచింది. లక్ష్మి మోచేత్తో ఆమె డొక్కలో పొడిచింది.

"లే. ఇయ్యాల నీ నెత్తురు నీకోసమే ఇయ్యి."

బాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. గది తలుపు ఇంకా పది అడుగుల దూరం ఉంది. నడుస్తూనే రవిక చేయి పైకి మడుచుకుంది.